ఏడువందల పదహారో గంట

చట్రం ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలు. మూడంతస్తుల ప్రయోగశాల డాబా. చెప్పులు లేకుండా అడుగు పెడితే బొబ్బలెక్కే ఎండ. వాలుగా బిగించిన రెండు గాజు చట్రాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కోటీ కిటికీ రెక్కంత. కుడివైపు దాని మీద నల్లగుడ్డ కప్పి తాడుతో కట్టేశారు. ఎడమవైపు దానికి నాలుగు క్లిప్పులూ ఊడి ఉన్నాయి. పైన గాజు పలక పక్కకి జరిగింది. లోపల నీళ్ళున్నాయి. నీళ్ళలో ఉండాల్సిన వస్తువు లేదు.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. ఆమెకి పెళ్ళై పంతొమ్మిది రోజులు. తిరిగి డ్యూటీలో చేరి రెండో రోజు. కొత్త ఇంటి తాళాలు బెల్టుకి వేలాడుతున్నాయి. నడిచినప్పుడల్లా అవి గలగలమంటుంటే ఆమెకి లోపల్లోపల నవ్వొస్తుంది.

ఇక్కడ మాత్రం నవ్వే మొహం ఒక్కటీ లేదు.

"పోయిందేమిటి?"

"పొర," అన్నాడు డైరెక్టర్. అరవై ఏళ్ళ మనిషి. మాట్లాడితే ఎదుటివాళ్ళ మీద ఫైలు విసిరినట్టుంటుంది. "నీలం రంగు పొర. ఆర్గానిక్ సెమీకండక్టర్. మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే..."

"మీ భాషలోనే చెప్పండి. నేను బీఎస్సీ ఫిజిక్స్."

డైరెక్టర్ మొహం ఇంకాస్త మాడింది. అయినా చెప్పాడు.

మామూలు సోలార్ పలకలో ఉండేది సిలికాన్. ఇది ప్లాస్టిక్ జాతి పదార్థం. సిరాలా కలుపుకుని, గోడకి రంగు వేసినట్టు పలచటి రేకు మీద పూసుకోవచ్చు. నీళ్ళలో ముంచి ఎండలో పెడితే నీటిని విడగొడుతుంది. హైడ్రోజన్ బయటికొస్తుంది. మండిస్తే పొగ రాని ఇంధనం. చిక్కల్లా ఒక్కటే. ఏ ఎండ దానికి తిండి పెడుతుందో ఆ ఎండే దాన్ని చంపుతుంది. ఈ డాబా మీద ఎండబెట్టిన పొరలన్నీ నాలుగైదు రోజుల్లో చచ్చాయి. ఈ ఒక్కటి ముప్ఫయ్యో రోజుకి చేరింది.

"సాయంత్రం నాలుగింటికి ఏడువందల ఇరవై గంటలు నిండాలి. నిండాయని కళ్ళతో చూడ్డానికి బయటి నుంచి కమిటీ వస్తోంది. వాళ్ళు సరేనంటే ల్యాబు. లేదంటే తాళం."

"ఈ పొర తయారుచేసిందెవరు?"

"దొంగిలించిందెవరని అడగండి మేడమ్. రెండింటికీ ఒకటే జవాబు."

డైరెక్టర్ వేలు డాబా గుమ్మం వైపు చూపించింది. నీడలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయి. పరిశోధక విద్యార్థిని. వేళ్ళ నుంచి మోచేతుల దాకా నీలం. నాలుగేళ్ళుగా సిరా కలిపి కలిపి ఆ రంగు ఇక సబ్బుకి లొంగడం మానేసింది. ల్యాబులో ఆమెని అందరూ సిరాబుడ్డి అంటారు.

ఎంత ముద్దొచ్చే నీలమో అనుకుంది ఇన్‌స్పెక్టర్. జీతం రాగానే ఆ రంగు చీర కొనాలి.

"వేలు దించండి సార్," అంది సిరాబుడ్డి. "నేనేం పారిపోను. పారిపోయే అలవాటుంటే మీ దగ్గర నాలుగేళ్ళు ఉండేదాన్నా?"

"చూశారా నోరు? పొర లోపల్లోపల చచ్చిపోతోందని దీనికి తెలుసు. నాలుగింటికి అందరి ముందూ పరువు పోతుందని తనే పీకి పారేసింది. దొంగతనమైతే జాలి పడతారుగా! సస్పెన్షన్ లెటర్ టైపయింది. మీరు తీసుకెళ్తే సంతకం పెడతాను."

"తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళడానికి నేను ఆటో కాదు సార్," అంది ఇన్‌స్పెక్టర్. "కంప్లయింట్ ఇవ్వండి."

డైరెక్టర్ చేతిలో కాగితం సిద్ధంగానే ఉంది. సంతకం ఆయనది. చేతిరాత వేరే ఎవరిదో. కింద అనుమానితుల గడిలో సిరాబుడ్డి పేరు. అందులో మొదటి వాక్యం: 'ఈరోజు ఉదయం 11.52 గంటలకు పొర దొంగిలించబడింది.'

"ఇది రాసిందెవరు?"

"నేనే," అన్నాడు వెనక నుంచి ఒకాయన.

ఇస్త్రీ మడత చెదరని చొక్కా. నలభైకి దగ్గర్లో వయసు. సీనియర్ సైంటిస్టు. హోదా ఏదైతేనేం, డైరెక్టర్ గారి కూతుర్ని చేసుకున్న రోజు నుంచీ ల్యాబులో ఆయన పేరు అల్లుడుగారు. వెటకారంగా మొదలైన పిలుపు ఆరేళ్ళలో తలుపు మీద బోర్డులా స్థిరపడింది.

"పదకొండు యాభై రెండని అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"మీటరు చెప్పింది మేడమ్. కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. పొర తీసేస్తే గ్యాస్ ఆగిపోతుంది. గ్యాస్ ఆగితే స్క్రీన్ మీద గీత పడిపోతుంది."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"పదకొండు యాభై రెండుకి క్యాంటీన్‌లో. ఆరుగురున్నారు. పేర్లు రాసిచ్చాను, కాగితం వెనక చూడండి."

ఇన్‌స్పెక్టర్ కాగితం తిప్పింది. నిజమే. ఆరు పేర్లు, ఆరు ఫోన్ నంబర్లు.

"అడక్కముందే అన్నీ వడ్డించేశారే!"

"చదువుకున్నవాళ్ళం. పద్ధతిగా ఉంటాం," అన్నాడు అల్లుడుగారు.

---

ఒంటి గంట. గ్రౌండ్ ఫ్లోర్. మీటరు గది.

ఏసీ చల్లగా తగిలింది. డాబా మీది చట్రం నుంచి గోరంత సన్నటి గొట్టం ఒకటి గోడ వెంబడి మెలికలు తిరుగుతూ దిగి, ఈ గదిలో ఉన్న యంత్రంలో దూరింది. యంత్రం పక్కన ఒక చిన్న పంపు గురకపెడుతోంది. దాని ముందు కుర్చీలో మీటరాయన. బట్టతల, ముడుచుకున్న మూతి. ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీ. కుర్చీకి ఆయన ఆకారం వచ్చిందో, ఆయనకి కుర్చీ ఆకారం వచ్చిందో చెప్పడం కష్టం.

"గ్యాస్ ఎప్పుడాగింది?"

"స్క్రీన్ మీద ఉంది. కళ్ళున్నాయిగా."

స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత. 11.52 దాకా కొండ ఎక్కుతున్నట్టుంది. ఆ తర్వాత నూతిలో పడ్డట్టుంది.

"మీరెక్కడికైనా లేచి వెళ్ళారా?"

"ఐదు నిమిషాలకోసారి ఈ మీట నొక్కాలి. నొక్కకపోతే యంత్రం అరుస్తుంది. నేను లేస్తే ఊరంతా తెలుస్తుంది."

హెడ్ కానిస్టేబుల్ చూసి తలూపాడు. నొక్కినట్టు అన్ని గుర్తులూ ఉన్నాయి. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలున్న మనిషి ఆయన. ఇన్‌స్పెక్టర్ ఆయన్ని బాబాయ్ అంటుంది.

డైరెక్టర్ పదకొండున్నర నుంచి పన్నెండు దాకా తన గదిలో కమిటీతో ఫోన్‌లో ఉన్నాడు. పక్కన టైపిస్టు ఉంది. ఆయన మీదా అనుమానం లేదు.

మిగిలింది సిరాబుడ్డి. ఇన్‌స్పెక్టర్ ఆమెని ఆ గదికే పిలిపించింది. డైరెక్టరూ, అల్లుడుగారూ పిలవకుండానే వచ్చి గోడకి ఆనుకున్నారు.

"గ్యాస్ ఆగినప్పుడు ఎక్కడున్నావు?"

"పదకొండు నలభై మూడుకా? రెండో అంతస్తు మెట్ల మీద. అమ్మతో ఫోన్ మాట్లాడుతున్నా."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది.

"నలభై మూడా? నలభై మూడని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మీటరే."

"మీటరు యాభై రెండంటోందమ్మా."

"అవును. అదే..."

"విన్నారా!" డైరెక్టర్ బల్ల మీద చరిచాడు. "విన్నారా మేడమ్! తీసిన టైమ్ తీసినవాళ్ళకి తప్ప ఎవరికి తెలుస్తుంది? తన నోటితో తనే చెప్పింది!"

"పాపం, తడబడింది," అన్నాడు అల్లుడుగారు మెత్తగా. "భయంలో అలాగే నిజాలు బయటికొస్తాయి."

సిరాబుడ్డి ఆయన వైపు తిరిగింది. ఆ చూపుకి యాసిడ్ సీసా మూత తీసినంత ఘాటుంది.

"మీరా? మీరు కూడానా అల్లుడుగారూ? ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది?"

"నేనేమన్నాను?"

"ఏమన్నారో మీకు తెలుసు. ఇంక నేనొక్క మాట మాట్లాడను. ఈ గదిలో ఎవరికీ చెప్పేది లేదు. నాలుగేళ్ళు చెప్పి చెప్పి గొంతు పోయింది. జైల్లో వేస్తారా, వెయ్యండి. అక్కడ కనీసం నా సీసాలు ఎవరూ ముట్టుకోరు."

ఆమె కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పెదాలు కుట్టేసినట్టున్నాయి.

"బేడీలు," అన్నాడు డైరెక్టర్.

"తొందరపడకండి సార్. అవి నా దగ్గర ఒక జతే ఉన్నాయి. తప్పు చేతులకి వేస్తే మళ్ళీ తియ్యాలి," అంది ఇన్‌స్పెక్టర్.

ఆమె ఫోన్ మోగింది. వరండాలోకి వచ్చి తీసింది. మొగుడు. సెలవులో ఉన్నాడు. ఇల్లు కడుగుతానని పొద్దున్న నడుం బిగించాడు.

"ఏమోయ్, స్నానానికొచ్చా. వేణ్ణీళ్ళ ట్యాప్ తిప్పి చాలాసేపైంది. చల్లగా కొడుతున్నాయి. మీ వాళ్ళిచ్చిన హీటరు పాడైపోయినట్టుంది."

"మావాళ్ళిచ్చిందేదీ పాడవదు, నేనుగా సాక్ష్యం! హీటరు డాబా మీదుంది మహానుభావా. మనం కింద ఉన్నాం. గొట్టంలో నిల్వున్న నీళ్ళన్నీ పోయాకే వేడివి దిగుతాయి. కాసేపు..."

ఆమె మాట ఆగిపోయింది.

"హలో? కాసేపేంటి? సబ్బు రాసుకుని ఉన్నానే!"

"బంగారం, నువ్వు అలాగే ఉండు," అని ఫోన్ పెట్టేసింది.

గదిలోకి వచ్చి సరాసరి మీటరాయన ముందు నిలబడింది.

"డాబా నుంచి ఇక్కడికి గొట్టం పొడవెంత?"

"నలభై మీటర్లు."

"పైన బయల్దేరిన గ్యాస్ ఇక్కడికి చేరడానికి ఎంతసేపు?"

మీటరాయన మొదటిసారి ఆమె మొహం వైపు చూశాడు. "పంపు నిదానంగా పీలుస్తుంది. తొమ్మిది నిమిషాలు."

"ఇందాక నాకెందుకు చెప్పలేదు?"

"అడిగారా? స్క్రీన్ సంగతి అడిగారు. స్క్రీన్ చూపించాను. కారు నంబరడిగితే డ్రైవరు అత్తగారి ఊరు కూడా చెప్పాలా?"

బాబాయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ కోప్పడలేదు. ఆమెకి ఆ ముసలాయన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"ల్యాబు రిజిస్టర్లన్నీ కావాలి. ఆరేళ్ళవి."

---

రెండుంబావు.

బాబాయ్ కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. బల్ల మీద పదకొండు లావుపాటి రిజిస్టర్లు. ఇన్‌స్పెక్టర్ ఒక్కో పేజీలో వేలు పెట్టి చూస్తోంది. పక్కన మీటరు ప్రింట్లు.

ఈలోపు నలుగురు కానిస్టేబుళ్ళు బిల్డింగంతా గాలించారు. గదులు, బీరువాలు, సంచులు, చెత్తబుట్టలు, కార్ల డిక్కీలు. పొర లేదు. గేటు దాటి ఎవరూ వెళ్ళలేదు.

ఇన్‌స్పెక్టర్ సిరాబుడ్డి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. గదిలో ఇంకెవరూ లేరు.

"నువ్వు మాట్లాడనన్నావు. సరే. నా కోసం మాట్లాడొద్దు. ఆ పొర కోసం చెప్పు. బయటికి తీస్తే ఎంతసేపు బతుకుతుంది?"

సిరాబుడ్డి తలెత్తి చూసింది.

"గాలీ, ఎండా రెండూ కలిస్తే గంట. అంతే. తర్వాత తెల్లబడిపోతుంది."

"బతికించాలంటే?"

"నీళ్ళలో ఉండాలి. చీకట్లో ఉండాలి. గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ నింపాలి. అలా ఉంటే నిద్రపోతుంది, చావదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. చెంప మీద నీలం మరక పడింది. "మేడమ్, పదకొండున్నరకి చూసొచ్చా. చక్కగా ఉంది. నేనెందుకు తీస్తాను? దాన్ని నిద్ర లేపకుండా రోజూ అడుగులో అడుగేసుకుంటూ నడిచానే!"

"చీకటి, నీళ్ళు, ఆర్గాన్," అంది ఇన్‌స్పెక్టర్ తనలో తనే. లేచి కిటికీలోంచి తల బయట పెట్టి పైకి చూసింది. "బాబాయ్! డాబా మీద రెండో చట్రం ఎవరిది?"

"అల్లుడుగారిదట అమ్మా. కొత్త పొర పెట్టారట. రేపట్నుంచి పరీక్షట. అందాకా నల్లగుడ్డ కప్పారట."

"ట, ట, ట!" అంది ఇన్‌స్పెక్టర్. ఆమె బెల్టుకున్న తాళాలు గలగలమన్నాయి.

---

మూడు గంటల ఎనిమిది నిమిషాలు. డాబా.

అందరూ వచ్చారు. మీటరాయన మాత్రం కిందే ఉన్నాడు. బాబాయ్ చేతిలో ఫోన్ స్పీకర్‌లో ఉంది. అవతల ఆయన గొణుగుడు వినిపిస్తోంది.

గొట్టాన్ని ఎడమ చట్రం నుంచి ఊడదీసి కుడి చట్రానికి తగిలించారు. అరగంటగా గుడ్డ కిందే ఆర్గాన్ పోనిచ్చి లోపలి గాలంతా కడిగేశారు. ఆ పని సిరాబుడ్డి చేత చేయించింది ఇన్‌స్పెక్టర్. ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో పక్కా కాపలా.

"ఇది దౌర్జన్యం," అన్నాడు అల్లుడుగారు. ఇస్త్రీ చొక్కా వీపున అంటుకుపోయింది. "ఆ చట్రంలో నా నెల్లాళ్ళ కష్టం ఉంది. వేళ కాకుండా ఎండ తగిలిస్తే పాడవుతుంది. కోర్టుకి లాగుతాను."

"నా అల్లుడి చట్రం మీద చెయ్యి వేస్తే మీ పై ఆఫీసర్‌కి ఫోన్ చేస్తాను," అన్నాడు డైరెక్టర్.

"చెయ్యండి సార్. తొమ్మిది నిమిషాల టైముంది."

ఇన్‌స్పెక్టర్ తాడు ముడి విప్పింది. నల్లగుడ్డ లాగేసింది.

మూడు గంటల పది నిమిషాలు.

ఎండ చట్రం మీద పడింది. గాజు కింద, నీళ్ళలో, నీలం రంగు రేకు. నెమలి మెడ మీద మెరుపు లాంటి నీలం. ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం కేసు మర్చిపోయింది.

"పొర దొరికిందనుకుంటున్నారా?" అల్లుడుగారు నవ్వాడు. "అన్నీ నీలంగానే ఉంటాయి. ఇది నాది. సిరా ఒకటే, చట్రాలొకటే."

"నా పొర కుడి మూల బొట్టు ఉంటుంది. పూసేటప్పుడు జారింది," అంది సిరాబుడ్డి. వంగి చూసింది. ఆమె మొహం పాలిపోయింది. "ఆ మూల కత్తిరించేశారు."

"లేని బొట్టుకి సాక్ష్యం నేనా?" అన్నాడు అల్లుడుగారు.

"బుడగలొస్తున్నాయమ్మా!" అన్నాడు బాబాయ్.

"ఎండకి కాగిన ఏ నీళ్ళలోనైనా బుడగలొస్తాయి," అంది సిరాబుడ్డి. "అది ఋజువు కాదు. మీటరు చెప్పాలి."

"చెబుతుంది. ఆ లోపు నేను చెబుతాను," అంది ఇన్‌స్పెక్టర్.

ఆమె కంప్లయింట్ కాగితం పైకెత్తి చూపించింది.

"గ్యాస్ ఆగింది స్క్రీన్ మీద యాభై రెండుకి. గొట్టంలో తొమ్మిది నిమిషాల ప్రయాణం. అంటే డాబా మీద పొర తీసింది నలభై మూడుకి. ఈ అమ్మాయి నలభై మూడంది. అది దొంగ నోరు జారడం కాదు. రోజూ చేసే పని. స్క్రీన్ చూడగానే వీళ్ళు మనసులోనే తొమ్మిది తీసేస్తారు. అది లెక్క కూడా కాదు. నేను చెప్పుల కోసం చూడకుండా కాలు చాచినట్టు."

"అయితే?" అన్నాడు డైరెక్టర్.

"అయితే, ఆరేళ్ళ రిజిస్టర్లు చూశాం. మీ అల్లుడుగారి చేత్తో రాసిన పేజీలు నాలుగువందల పైచిలుకు. మబ్బు పట్టింది, ఎండ తేలింది, పొర చచ్చింది, ప్రతి టైమూ మీటరు ప్రింటు కంటే తొమ్మిది నిమిషాలు తక్కువ. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. జ్వరంతో వచ్చిన రోజు కూడా తప్పలేదు. మరి ఈరోజు, ఈ కాగితం మీద, మొదటి వాక్యంలో, పదకొండు యాభై రెండని ఎందుకు రాశారు అల్లుడుగారూ?"

అల్లుడుగారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"పోలీసులకి... సులువుగా అర్థమవాలని..."

"అబ్బ! మా మీద ఎంత దయ! ఆరేళ్ళ అలవాటు ఈ పూటే ఎందుకు మానుకున్నారో నేను చెప్పనా? నలభై మూడుకి మీరు ఇక్కడున్నారు. నాలుగు నిమిషాల్లో ఆ పొర తీసి, మూల కత్తిరించి, మీ చట్రంలో పెట్టి గుడ్డ కప్పారు. వెనక ఇనుప మెట్ల మీంచి దిగారు. యాభై కల్లా క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకున్నారు. యాభై రెండుకి కింద గీత పడిపోయింది. ఆరుగురు సాక్షులు. మేం వచ్చి స్క్రీన్ టైమే పట్టుకుంటామని మీకు తెలుసు. ఈ అమ్మాయి నలభై మూడనగానే అందరికంటే ముందు 'అవును, అదే సరైన టైమ్' అనాల్సింది మీరు. మీరేమన్నారు? తడబడిందన్నారు."

"ఊహ! అంతా ఊహ!" అల్లుడుగారి గొంతు చీలింది. "మామయ్యగారూ, వింటూ ఊరుకుంటారేం?"

"టైమెంతైంది?" అంది ఇన్‌స్పెక్టర్.

"మూడు పదిహేడు," అన్నాడు బాబాయ్. ఫోన్‌లోంచి మీటరాయన గొంతు వచ్చింది. "సున్నా. ఇంకా సున్నాయే. నన్నెందుకు కంగారు పెడతారు?"

సిరాబుడ్డి చట్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నేల కాలుతున్నా లేవలేదు. పొర గాలిలో ఎంతసేపు ఉందో ఆమెకి తెలీదు. మోటుగా పట్టుకున్నారో, మడత పడిందో తెలీదు. చచ్చిపోయి ఉంటే ఈ కథంతా గాలి మాటలే.

"గ్యాస్ వస్తే మాత్రం?" అల్లుడుగారు పెదాలు తడుపుకున్నాడు. "నా కొత్త పొర కూడా గ్యాస్ ఇస్తుంది."

"కొత్త పొర మొదటి గంటలో ఎలా నడుస్తుంది?" ఇన్‌స్పెక్టర్ డైరెక్టర్ వైపు తిరిగింది. "మీరు చెప్పండి సార్. మీరు పెద్ద సైంటిస్టు. అబద్ధం చెప్పరు."

డైరెక్టర్ అల్లుడి వైపు చూశాడు. "కొత్త పొర... ఎగిరెగిరి పడుతుంది. ఈ ఎండకి మీటరు మీద అరవై దాటుతుంది. తర్వాత గబగబా పడిపోతుంది. రెండు రోజులకి గానీ నిలకడ రాదు."

"ముప్ఫై రోజుల పొర?"

ఆయన చట్రం మీదికి వంగాడు.

మూడు గంటల పంతొమ్మిది నిమిషాలు.

"రెండు," అంది ఫోన్.

సిరాబుడ్డి ఫోన్ వైపు తిరిగింది.

"తొమ్మిది... పద్నాలుగు... పంతొమ్మిది... ఇరవై ఒకటి." ఆ గొంతులో విసుగు పోయింది. "ఇరవై రెండు. ఇరవై రెండు. ఇరవై రెండు. కదలట్లేదు. గీత గీసినట్టు నిలబడింది."

"నిన్న ఇదే టైమ్‌కి ఈ అమ్మాయి పొర ఎంతిచ్చింది?"

కాగితాల చప్పుడు.

"ఇరవై రెండు. మొన్న ఇరవై రెండు. అటుమొన్న ఇరవై మూడు. ఒరేయ్ సిరాబుడ్డీ, నీ పిల్ల బతికే ఉందే!"

సిరాబుడ్డి నుదురు గాజుకి ఆనించి భోరుమంది.

అల్లుడుగారు పిట్టగోడ మీద చతికిలబడ్డాడు. ఇప్పుడాయన ఎవరి వైపూ చూడటం లేదు.

"ఆరేళ్ళు," అన్నాడు. "నేను పూసిన ప్రతి పొరా నాలుగో రోజుకి చచ్చింది. ఆఫీసులో అయితే పడొచ్చు. ఇంటికెళ్తే అన్నం దగ్గర మళ్ళీ ఇదే. 'ఆ పిల్ల గ్రాఫు చూశావా అల్లుడూ? గీత చూశావా? నీకెందుకు రాదు?' నా పెళ్ళాం ముందు, నా కొడుకు ముందు, రోజూ. ముప్ఫై రోజులు. ముద్ద ఎలా దిగుతుంది మామయ్యగారూ?"

"అందుకని దొంగతనమా?" డైరెక్టర్ అరిచాడు.

"రేపు నా చట్రంలో గీత నిలబడితే మీరేమంటారో ఒక్కసారి విందామనుకున్నా."

డైరెక్టర్ కంప్లయింట్ కాగితం కోసం చెయ్యి చాచాడు.

"మేడమ్. పొర దొరికింది కదా. ఇది ఇంటి గొడవ. కాగితం వెనక్కివ్వండి."

"ఒంటిగంటకి బేడీలన్నప్పుడు ఆఫీసు గొడవ. మూడున్నరకి ఇంటి గొడవైందా సార్? ఇందులో అనుమానితుల గడిలో ఈ అమ్మాయి పేరుంది. మీరే కొట్టెయ్యండి. పక్కన సరైన పేరు రాయండి. మీ చేత్తో."

"అల్లుడి పేరు నా చేత్తోనా? నా కూతురికి ఏం చెప్పను?"

"నా పేరు రాసేటప్పుడు మా అమ్మకి ఏం చెప్పాలనుకున్నారు?" అంది సిరాబుడ్డి కింది నుంచే.

డైరెక్టర్ పెన్ను తీశాడు. ఆయనకి ఆ గడి నింపడానికి చాలాసేపు పట్టింది.

---

నాలుగింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు. పెద్దావిడ ముందు నడిచింది. నెరిసిన జుట్టు, చేతికర్ర, ఏదీ ఊరికే నమ్మని కళ్ళు.

మెట్ల మలుపు దగ్గర డైరెక్టర్ సిరాబుడ్డిని ఆపాడు. గొంతు తగ్గించాడు. ఇన్‌స్పెక్టర్ వెనకే ఉందని చూసుకోలేదు.

"ఏడువందల ఇరవై అని చెప్పు. పొర చావలేదుగా. మధ్యలో చీకట్లో ఉందంతే. ఎవరు చూడొచ్చారు? నీ థీసిస్, నా ల్యాబు, రెండూ నిలబడతాయి. సస్పెన్షన్ కాగితం చింపేశాను."

సిరాబుడ్డి ఆయన చెయ్యి పక్కకి నెట్టి పైకి ఎక్కేసింది.

పెద్దావిడ చట్రం ముందు నిలబడి నీలాన్ని తేరిపార చూసింది. ఖాళీగా ఉన్న పక్క చట్రాన్నీ, పోలీసు యూనిఫాంనీ కూడా చూసింది.

"ఎన్ని గంటలమ్మా?"

"ఏడువందల పదిహేను గంటల నలభై మూడు నిమిషాలు. ఆ తర్వాత మూడు గంటల ఇరవై ఏడు నిమిషాలు దీన్ని దొంగిలించారండీ. మళ్ళీ యాభై నిమిషాల నుంచి నడుస్తోంది. ఏడువందల ఇరవై కాలేదు."

డైరెక్టర్ కళ్ళు మూసుకున్నాడు. పెద్దావిడ చేతికర్రని అటు చేతి నుంచి ఇటు చేతికి మార్చుకుంది. నవ్వలేదు.

"దొంగ తీసి, కత్తిరించి, మళ్ళీ పెడితే కూడా నడుస్తోందా?"

"నడుస్తోందండీ."

"ఎప్పుడాగుతుంది?"

"తెలీదు," అంది సిరాబుడ్డి. "ఇంకా ఆగలేదు."